ఆడిటర్ గారి కెమెరా

రాజమండ్రి దానవాయిపేటలో ఆడిటర్ గారిల్లు ఎక్కడని అడిగితే ఏ ఆటోవాడైనా చెబుతాడు. ఆయన రిటైరై చాలాకాలమైంది. ఆడిట్ మాత్రం ఆగలేదు. కుళాయి మేస్త్రీ వాషరు మార్చినా రసీదు రాయాల్సిందే. రాయడం రానివాడైతే తానే రాసి వేలిముద్ర వేయించుకుంటారు. ఎవరేం చెప్పినా ఆయన అడిగేది ఒకటే: “ఆధారం ఏదండీ?”

అంతటి మనిషికి రావులపాలెం సెంటర్లో పరాభవం జరిగింది. ముందు బస్సు ఆగింది, వెనక ఆయన కారూ ఆగింది. ఆగివున్న కారు డిక్కీని ఓ కుర్రాడు మోటారు సైకిలుతో గుద్ది కిందపడ్డాడు. మోకాలు గీరుకుంది. జనం మూగారు. ఆగివున్న బండిని వెనకనుంచి వచ్చి గుద్దితే తప్పెవరిదని ఆడిటర్ గారు అందరినీ నిలదీశారు.

“పెద్ద బండి తమరిదే కదండీ,” అన్నాడు కొబ్బరిబొండాలాయన.

రోడ్డు మీద ఎప్పుడూ చెల్లే సెక్షను అదే. మూడు వేలు ఇచ్చి బయటపడ్డారు. రసీదు అడిగితే జనం నవ్వారు.

ఆ వారమే కారుకి కెమెరా పెట్టించారు. ముందు అద్దానికి లోపలివైపు, అగ్గిపెట్టెకి కాస్త పెద్దదైన నల్ల డబ్బా. బిగించిన కుర్రాడు వాడకం చెప్పాడు.

“ఏం లేదండీ. బండి స్టార్టవ్వగానే ఇదీ స్టార్టయిపోద్దండి. మూడేసి నిమిషాల ముక్కలు కింద తీసుకుంటా పోద్ది. కార్డు నిండిపోయాక పాత ముక్క చెరిపేసి, అక్కడ కొత్తది ఎక్కించేస్తదండి.”

“చెరిపేస్తే ఇంక ఆధారం ఎక్కడిదయ్యా?”

“అందుకేనండీ లోపల సెన్సారు పెట్టారు. బండికి కుదుపు తగిలిందనుకోండి, ఆ ముక్కకి దానంతటదే తాళం పడిపోద్ది. ఇంక దాన్ని చెరపదు.”

“కుదుపు తగలకపోతే?”

ఆ ప్రశ్న ఆ కుర్రాణ్ని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. కాసేపు తడుముకుని, డబ్బా పక్కనున్న చిన్న బొత్తాం చూపించాడు.

“ఇది నొక్కండి. చేత్తో తాళం వేసినట్టేనండి. అదైనా ఇదైనా ఒకే ఫోల్డర్లోకి పోతాయండి.”

ఆడిటర్ గారు డైరీలో రాసుకున్నారు.

గోతిలో దిగినా కెమెరా దాన్ని ప్రమాదం కిందే లెక్కేస్తుందని మొదటివారంలోనే తేలింది. మన రోడ్ల మీద గోతులకేం తక్కువ. కార్డు సగం తాళాలతో నిండిపోయింది. సెన్సారుకి మూడు మెట్లున్నాయి: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. ఆయన దాన్ని అన్నిటికంటే కిందికి దించేశారు. ఇక చిన్నాచితకా కుదుపులకి అది చలించడం మానేసింది. గడియారం విషయంలో మాత్రం రాజీ పడలేదు. కెమెరా టైము సెకన్లతో సహా సరిగ్గా ఉందో లేదో ప్రతి ఆదివారం ఫోను పక్కన పెట్టి సరిచూసేవారు. టైము తప్పైతే కోర్టులో మొత్తం తప్పైపోతుందని ఆయన వాదన.

కెమెరా తొందరగానే రుణం తీర్చుకుంది. కొవ్వూరు నుంచి వస్తూ రోడ్డు కం రైలు వంతెన మీద ఓ ఆటో కారు అద్దాన్ని విరగ్గొట్టింది. తనకేం తెలీదన్నాడు ఆటోవాడు. ఆడిటర్ గారు వంతెన దిగాక ఆటో ఆపించి, ఫోనులో చూపించారు. ఎనిమిది వందలు వసూలయ్యాయి. రసీదు ఆయనే రాసిచ్చారు.

అప్పట్నుంచి ఏ పెళ్లికెళ్లినా ఆయన మాట కెమెరా మీదికే మళ్లేది. “2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ ఊరి మీద ఉల్క పేలిందండీ. ప్రపంచమంతా దాన్ని దేంట్లోంచి చూసింది? కార్లలో పెట్టుకున్న ఇలాంటి కెమెరాల్లోంచే,” అని చెప్పి, ఎదుటివాళ్ల కారుకి కెమెరా ఉందా అని అడిగేవారు. ఆయన అక్కగారి మనవడు హెల్మెట్‌కి కెమెరా తగిలించుకుని గోదావరి గట్టంతా తిరుగుతూ వీడియోలు తీస్తాడు. వాణ్ని మాత్రం దగ్గరికి రానిచ్చేవారు కాదు. “వాడిది షోకు. నాది సాక్ష్యం,” అనేవారు. కేరళ రవాణా అధికారులు 2022లో హెల్మెట్ కెమెరాలు వద్దని హెచ్చరించిన వార్త కత్తిరించి వాడికి పంపించారు కూడా.

ఇంట్లో ఇబ్బంది పడింది ఒక్క అమ్మగారే. అద్దం అవతలి బొమ్మతోపాటు కారులోపలి మాటలు కూడా రికార్డవుతాయని తెలిసిన దగ్గర్నుంచి, ఆవిడ కారెక్కితే నోరు విప్పడం మానేశారు.

మార్గశిరంలో మనవరాలి అన్నప్రాసన వచ్చింది. అమలాపురంలో. ముహూర్తం ఉదయం ఎనిమిదింబావుకి. గురువారం కాబట్టి ఆత్రేయపురం దారే మేలనుకున్నారు. శనివారమైతే ఆ మాట అనుకోవడానికి లేదు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లతో ఆ రోడ్డు కదలదు.

చీకటి ఉండగానే బయల్దేరి, ధవళేశ్వరంలో బ్యారేజీ ఎక్కి, బొబ్బర్లంక నుంచి కాలువ గట్టు పట్టారు. తెల్లవారింది. కాలువ మీది మంచు రోడ్డు మీదికి వస్తోంది. ఆత్రేయపురంలో పూతరేకుల కొట్లు ఇంకా తెరవలేదు. అమ్మగారి ఒళ్లో వెండిగిన్నె ఉంది.

లొల్ల లాకులు దాటాక ముందు ఒక సైకిలు కనిపించింది. రావులపాలెం మార్కెట్టుకి అరటిగెలలు. అటొకటి, ఇటొకటి వేలాడదీసి, క్యారేజీ మీద మూడోది తాడేసి కట్టి, ఎడమ అంచు వదలకుండా తొక్కుకుంటూ పోతున్నాడు ఓ పెద్దాయన. తలకి తువ్వాలు. గెలల బరువుకి సైకిలు కొంచెం కొంచెంగా ఊగుతోంది. ఆడిటర్ గారు వేగం తగ్గించారు.

వెనకనుంచి హారన్ మోగించుకుంటూ ఇసుక టిప్పరు వచ్చింది. కారుని దాటింది. దాటుతూనే ఎడమకి కోసింది. సైకిలు కనపడలేదు. గెలలు కనిపించాయి, రోడ్డు నిండా. టిప్పరు ఒక్క క్షణం నెమ్మదించి, మళ్లీ వేగం అందుకుంది.

ఆడిటర్ గారు కంగారు పడలేదు. కారుకి కుదుపు తగల్లేదు కాబట్టి తాళం దానంతటది పడదని ఆయనకి వెంటనే గుర్తొచ్చింది. ఎడమచెయ్యి చాచి బొత్తాం నొక్కారు. టింగుమంది.

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా అమలాపురం చేరారు. పాప మేనమామ చేతిమీదుగా పరవాన్నం తింది. ఎదురుగా పుస్తకం, కలం, బంగారం, చాకు పెడితే పాకుతూ వెళ్లి కలం పట్టుకుంది. “తాతగారి పోలికే, ఆడిటరే అవుతుంది,” అని అందరూ నవ్వారు. అమ్మగారికి తలనొప్పిగా ఉండి భోజనానికి లేవలేదు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. గుర్తుతెలియని వాహనం ఢీకొని అరటిగెలల సైకిలిస్టు మృతి. ఆడిటర్ గారు ఎర్రపెన్నుతో దాని చుట్టూ గీత గీశారు.

“గుర్తుతెలియని ఏంటి? నంబరు నా దగ్గరుంటే!”

ఆ రోజంతా ఆయన కూర్చుని కాగితాలు తయారుచేశారు. 2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం మారింది. పాత 65బి పోయి కొత్త చట్టంలో 63వ సెక్షను వచ్చింది. వీడియో ఇస్తే చాలదు, దాంతో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ పరికరంతో తీశారు, అది సరిగ్గా పనిచేస్తోందా, ఫైలు హాష్ విలువ ఎంత, అన్నీ రాయాలి. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. ‘ఎ’ భాగం వీడియో ఇచ్చేవారు నింపాలి, ‘బి’ భాగం నిపుణుడు నింపాలి. ఆడిటర్ గారు ‘ఎ’ భాగం పూర్తిచేసి సంతకం పెట్టారు. ‘బి’ భాగం దగ్గర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి వదిలేశారు. కార్డుని కవర్లో పెట్టి సీలు వేశారు. వీడియో కాపీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు.

శనివారం పొద్దున్నే స్టేషనుకి వెళ్లారు. ఎస్సై గారు బయటికెళ్లారు, వస్తారన్నారు. బల్ల మీద కూర్చుని గోడమీది పోస్టరు చదివారు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లని మొదటి గంటలోపు ఆస్పత్రికి చేర్చినవారికి కేంద్రప్రభుత్వం 25 వేలు ఇస్తుందని దానిమీద ఉంది. ఆ పథకం పేరు రాహ్‌వీర్. ఇదివరకు ఐదువేలే ఇచ్చేవారు.

“మంచి స్కీమేనండి,” అన్నారు రైటరుతో. “కాకపోతే చేర్చింది ఫలానావాళ్లేనని ఆధారం ఏం తీసుకుంటారో.”

రైటరు పెద్దవయసు హెడ్డు. తలూపి మళ్లీ రాతలో పడ్డాడు.

అదే బల్ల చివర ఓ కుర్రాడు కూర్చున్నాడు. చనిపోయినాయన కొడుకు. ఆటో తోలతాడు. పంచనామా కాగితాల కోసం వచ్చాడు. విషయం తెలిసి లేచొచ్చి ఆడిటర్ గారి కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. ఆయన వారించి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“చూడు బాబూ, బండి ఏదో తేలకపోతే మీకొచ్చేది రెండు లక్షలు. 2022 ఏప్రిల్‌కి ముందైతే అదీ 25 వేలే. బండి నంబరు దొరికితే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఇన్సూరెన్సు కంపెనీ చచ్చినట్టు కట్టాలి. మీ నాన్నగారి వయసూ, సంపాదనా లెక్కేస్తారు. గెలలు అమ్మిన చీటీలుంటే దాచిపెట్టు.”

“ఆయ్, అలాగేనండి.”

“రసీదులు ముఖ్యం.”

“తమరు దేవుడల్లే వచ్చారండి బాబూ,” అన్నాడు కుర్రాడు. ఆ మాటలో తప్పేం లేదు. వీడియో లేకపోతే ఆ ఇంటికి ఆ రెండు లక్షలకి మించి దక్కేది కాదు.

ఎస్సై గారు వచ్చారు. కుర్రవాడే. స్టేషను కంప్యూటరుకి స్పీకర్లు లేవు. బొమ్మ మాత్రం చూశారు. కాలువ, మంచు, సైకిలు, టిప్పరు, గెలలు. టిప్పరు వెనక నంబరు ఒక్క అంకె పోకుండా చదవొచ్చు. ఎస్సై గారు వెంటనే ఫోను తీసి ఎవరితోనో మాట్లాడారు. గంట తిరక్కుండా టిప్పరు దొరికిందని కబురొచ్చింది. ఆయన లేచి ఆడిటర్ గారికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. టీ తెప్పించారు.

టీ తాగుతూ ఎస్సై గారు ఫైలు పేరు మరోసారి చూశారు. కప్పు కింద పెట్టారు.

“మాస్టారూ, ఇది తాళం పడ్డ ఫోల్డర్లో ఉంది.”

“అవునండి.”

“బండికి కుదుపు తగిలితేనే ఇందులోకి వస్తుంది కదండీ. మా బంధువుల కారుకీ ఉంది.”

“అంటే?”

“ఏం లేదు. మీ కారు ఎక్కడైనా తగిలిందేమోనని. కావాలని కాదండి. టిప్పరు కోసేసరికి మీరూ పక్కకి తీసి ఉంటారు. పెద్దాయన అటే పడ్డాడు. రేపు టిప్పరు ఓనరు వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే.”

ఆడిటర్ గారి మొహం ఎర్రబడింది. ఎన్నడూ ఎవరూ ఆయన లెక్కలో తప్పు పట్టలేదు. లేచి నిలబడ్డారు. కారు బయటే ఉంది, చూసుకోమన్నారు. ఎస్సై గారు కానిస్టేబుల్ని పంపారు. చిన్న గీత కూడా లేదని అతను వచ్చి చెప్పాడు.

“గీత లేకపోతే సరిపోదండి,” అన్నారు ఆడిటర్ గారే. “అనుమానం అనుమానంగానే ఉంటుంది. కుదుపు తగల్లేదు. సెన్సారు దానంతటది పనిచెయ్యలేదు. నేనే చేత్తో నొక్కాను. నొక్కితే టింగుమంటుంది. ఆ చప్పుడు వీడియోలో ఉంది. వినండి.”

“స్పీకర్లు లేవండి.”

“ఫోన్లోకి ఎక్కించుకోండి. సౌండు పూర్తిగా పెంచండి.”

పెన్‌డ్రైవ్‌లో వీడియోని కానిస్టేబుల్ తన ఫోన్లోకి ఎక్కించి బల్ల మధ్యలో పెట్టాడు. ఎస్సై, రైటరు, కొడుకు, ఆడిటర్ గారు, నలుగురూ వంగారు.

ఇంజను రొద. హారను. రేకు నలిగిన చప్పుడు. తర్వాత ఆడగొంతు.

“అయ్యో! ఏవండీ, ఆపండి. ఆపండీ.”

టింగుమంది.

“అదిగో,” అన్నారు ఆడిటర్ గారు. “విన్నారా? కుదుపు తగిలుంటే హారను అవ్వగానే, రేకు చప్పుడుతోపాటే టింగుమనాలి. ఇది తర్వాత వచ్చింది. మధ్యలో మా ఆవిడ మాట కూడా ఉంది చూడండి. అంటే నొక్కింది నేనే.”

ఫోను ఆగలేదు.

“ఏవండీ, చెయ్యి ఎత్తుతున్నాడండీ. చూస్తున్నాడు మనవైపే.”

“ఉండు. నంబరు పడిందో లేదో.”

“ఏవండీ…”

“పడింది. అద్దం ఎత్తు, మంచొస్తోంది.”

చెయ్యి ఎత్తడం వీడియోలో లేదు. కెమెరా ముందుకే చూస్తుంది. అందులో ఉన్నది రోడ్డు, గెలలు. కారు గెలల మధ్య నుంచి ఒక్కటీ తొక్కకుండా జాగ్రత్తగా మలుపులు తిరిగి బయటపడింది. తర్వాత కాలువ. కొబ్బరిచెట్లు. ముక్క పూర్తయ్యేదాకా రెండు నిమిషాలకి పైగా అదే. లోపల ఎవరూ మాట్లాడలేదు.

“ఇంకా ఉందాండీ?” అన్నాడు కొడుకు.

“లేదు బాబూ. మూడు నిమిషాలే,” అన్నారు ఆడిటర్ గారు.

కుర్రాడు బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లి పోస్టరు ఉన్న గోడ పక్కన నిలబడ్డాడు.

రైటరు వీడియోలో ఉన్న టైము కాగితం మీద రాసుకున్నాడు. 6-41-18. రికార్డు తిరగేసి, పాలవాడి ఫోను 108కి వెళ్లిన టైము దాని కింద రాశాడు. 7-22. రెంటికీ మధ్య ఏమీ రాయలేదు.

“మీ కెమెరా టైము కరెక్టేనాండీ?” అన్నారు ఎస్సై గారు.

“సెకన్లతో సహా.”

ఎవరూ ఏమీ అడగలేదు. ఆడిటర్ గారే చెప్పారు. “మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం ఆగాల్సిన బాధ్యత ప్రమాదంలో ఉన్న బండి డ్రైవరుదండి. నా బండి ప్రమాదంలో లేదు. అది తేలాలనే సౌండు పెట్టమన్నాను.”

“తేలిందండి,” అన్నారు ఎస్సై గారు.

“తేలితే సరిపోదు. నా వాఙ్మూలంలో రాయించండి. రేపు వకీలు నా మీదికి తిప్పకుండా.”

ఎస్సై గారు రైటరు వైపు చూశారు. రైటరు కొత్త కాగితం తీసుకున్నాడు. కలం కిందికీ మీదికీ విదిలించి, తలెత్తకుండా పది నిమిషాలు రాశాడు. పూర్తయ్యాక గట్టిగా చదివాడు. తేదీ, దారి, కారు నంబరు, సైకిలు, టిప్పరు, టైము, బొత్తాం. అన్నీ వరసగా ఉన్నాయి. ఆఖరి వాక్యం దగ్గర కొంచెం నెమ్మదిగా చదివాడు.

“సదరు సమయమందు నా కారుకు గాని, నాకు గాని ఏ విధమైన కుదుపూ తగలలేదు.”

ఆడిటర్ గారు కాగితం అందుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివారు. కారు నంబరులో ఒక అంకె తప్పు పడింది. కొట్టేసి, పైన సరైనది రాసి, పక్కన పొట్టిసంతకం చేశారు.

“మిగతాదంతా కరెక్టేనండి,” అని కింద పూర్తి సంతకం పెట్టారు.